వీధిదీపాన్ని ఆర్పమనడం లేదు, తల దించమంటున్నాం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పట్టణాల్లో, పంచాయతీల్లో వీధిదీపాలు మంజూరు చేసే అధికారులకు, వాటిని సరఫరా చేసే కాంట్రాక్టర్లకు, స్తంభం ఎక్కి బిగించే లైన్‌మెన్ సోదరులకు బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మిద్దెల మీద, పెరళ్లలో టెలిస్కోపులు పెట్టుకుని నెబ్యులాలను (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలను), గెలాక్సీలను, నక్షత్రాల గుంపులను ఫొటోలు తీసేవాళ్లం మేము. మా వీధుల్లో దీపాలు బిగించిన తీరు గురించి అర్జీలు ఇచ్చుకున్నాం. రసీదులు చేతికొచ్చాయి. కొన్నిటికి 'పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. దీపం మాత్రం ఉన్న వంపులోనే ఉంది. నోటిమాటగా అందిన జవాబు ఎక్కడైనా ఒకటే: "లైట్లు తీసేయమంటారా? రేపు దొంగలు పడితే సమాధానం ఎవరు చెప్పాలి?"

మేము అడిగింది అది కాదు, పైకెత్తి బిగించిన దీపాన్ని రోడ్డు వైపు దించమని. అడిగిందేమిటో, ఎందుకో, దానికి ఎంత పని పడుతుందో పూర్తిగా చెప్పుకుందామని ఈ లేఖ రాస్తున్నాం. ఏ ఊరి పేరూ, ఏ ఆఫీసు పేరూ ఇందులో పెట్టడం లేదు. ఒకరిని వేలెత్తి చూపితే తక్కినవాళ్లు తమది కాదనుకుంటారు.

ముందు మా పని సంగతి

మా పని తెలియకపోతే మా గోడు వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాం.

దూరపు ఆకాశం ఫొటో ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు. ఒక్కో ఫ్రేముకు రెండు నుంచి అయిదు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచాలి. అలాంటివి అరవయ్యో వందో తీసి, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయాలి. ఫ్రేములు నాలుగింతలు చేస్తే నాయిస్ (ఫొటోలో గరుకుగా కనిపించే చుక్కలు) సగానికి తగ్గుతుంది. ఇందులో అడ్డదారి లేదు. వీటికి తోడు మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు, తెల్లటి వెలుగు మీద తీసే ఫ్లాట్ ఫ్రేములు తీసుకోకపోతే సెన్సార్ సొంత మచ్చలు, దాని మీది దుమ్ముచుక్కల ఉంగరాలు ఫొటోలో మిగిలిపోతాయి.

ఈలోగా భూమి ఆగదు కదా. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు) చొప్పున పడమటికి జరుగుతూ ఉంటుంది. 400 ఎంఎం టెలిస్కోపుకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్ వాటా 1.94 ఆర్క్ సెకన్లు. కదలని ట్రైపాడ్ మీదైతే ఒక్క సెకనులోనే చుక్క ఏడెనిమిది పిక్సెళ్లు సాగిపోయి గీతవుతుంది. అందుకే భూమి తిరిగే వేగానికి సరిపడా ఎదురు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ అనే టెలిస్కోపు పీఠం వాడతాం. దాని అక్షాన్ని ఆకాశపు ఉత్తర ధ్రువానికి గురిపెట్టాలి. ఇక్కడే మన జిల్లాలకు ఒక చిక్కుంది. నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు, అంటే ధ్రువనక్షత్రం కూడా దిక్చక్రం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పెట్టి చూస్తే ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు. ఎదురింటి వాటర్ ట్యాంకు చాలు దాన్ని మాయం చేయడానికి. ట్యాంకు లేని చోట ఉత్తరపు వీధి దీపాల మసక ఆ పని చేస్తుంది. ధ్రువం కనబడనప్పుడు నీనా సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతితో అక్షం సరిచేసుకోవచ్చు. మరో తంటా మౌంటుది. చలిదేశాల అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్లను ఇంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కాలిని కాస్త పక్కకు తిప్పి పెట్టుకోవాలి.

మిద్దెకు మిద్దె తిప్పలు వేరే. ట్రైపాడ్ శ్లాబు నడిమధ్యలో పెడితే ఎవరు నడిచినా చుక్కలు ఎగురుతాయి. కాళ్లు పిల్లర్ల మీదికో బీముల మీదికో రావాలి. పగలంతా కాలిన కాంక్రీటు రాత్రి పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి అప్పటిదాకా చుక్కలు వణుకుతాయి. తెల్లవారుజామున ఇంకో శత్రువు దిగుతుంది, మంచు. సముద్రపు తేమ దండిగా ఉన్న మన కోస్తాలో లెన్సు చుట్టూ 12 వోల్టుల హీటర్ పట్టీ లేకపోతే గంటలో గాజు మసకబారుతుంది. ఇక కరెంటు పోయినప్పుడు ఊరంతా చీకటై ఆకాశం నల్లగా విచ్చుకుంటుంది, సరిగ్గా అప్పుడే మౌంట్ ఆగిపోతుంది! బ్యాటరీ పెట్టుకున్నవాళ్లకు మాత్రం అది పండగే.

ఇన్ని తిప్పలు పడేది ఎందుకంటే, మన జిల్లాల నెత్తిమీద ఉన్న ఆకాశం చాలామందికి దొరకనిది. కన్యరాశిలో 5 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న గెలాక్సీల గుంపు మార్చి, ఏప్రిల్ నెలల్లో దాదాపు మన నడినెత్తి మీదుగా పోతుంది. గాలి పొర అతి పలచగా, మసక అతి తక్కువగా ఉండే చోటు అదే. సింహరాశిలోని మూడు గెలాక్సీల గుంపూ అంతే. దక్షిణాన ఒమెగా సెంటారీ అనే బ్రహ్మాండమైన గోళాకార నక్షత్ర గుచ్ఛం ఇక్కడ 28 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది, లండన్‌లో అసలు ఉదయించదు. కెరీనా నెబ్యులా 16 డిగ్రీలకు వస్తుంది. పైగా మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తేటగా ఉంటుంది. అందులోనూ అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులే మా పనికి పనికొస్తాయి.

దీపం దెబ్బ ఎక్కడ తగులుతుంది

ఆకాశపు చీకటిని కొలవడానికి స్కై క్వాలిటీ మీటర్ అనే చేతిలో ఇమిడే పరికరం ఉంది. నడినెత్తికి గురిపెట్టి బటన్ నొక్కితే అంకె చూపిస్తుంది. కల్తీలేని చీకటికి 22 దగ్గర, పట్టణపు నడిబొడ్డున 18 దగ్గర వస్తుంది. అంకె పెరిగేకొద్దీ చీకటి పెరిగినట్టు. ఒక్క అంకె తేడా అంటే వెలుగులో 2.5 రెట్ల తేడా, మూడంకెలంటే దాదాపు 16 రెట్లు. మసక గెలాక్సీ ఫొటోకు పట్టే సమయం ఆకాశపు వెలుగుతోపాటు అంతే రెట్లు పెరుగుతుంది. నల్లమల అంచున 21 చూపించే చోట రెండు గంటల్లో వచ్చే నాణ్యత, 18 చూపించే మిద్దె మీద రావాలంటే 32 గంటలు కావాలి. రాత్రికి అయిదు గంటలు పని జరిగినా ఆరేడు తేటరాత్రులు ఒకే గెలాక్సీకి పోతాయి.

కంప్యూటర్ మీద పడే బరువూ తక్కువేం కాదు. 26 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్కో ఫ్రేము 52 ఎంబీ. రెండు నిమిషాల ఫ్రేములైతే 32 గంటలకు 960, అంటే 50 జీబీ. కానీ పట్టణంలో రెండు నిమిషాలు తెరిచి ఉంచనివ్వదు ఆకాశం. ముప్పై సెకన్లకే హిస్టోగ్రామ్ (ఫ్రేములోని వెలుగు పంపకం చూపే గ్రాఫ్) గుట్ట ఎడమ అంచు వదిలి నడిమికి జరిగిపోతుంది. ఫ్రేము తెరిచి చూస్తే చుక్కల వెనక నలుపు ఉండదు, పలచటి బూడిదరంగు ఉంటుంది, దీపం ఉన్న మూల ఆ బూడిదకు నీలం అంటుకుని ఉంటుంది. ఆ బూడిదలో ఎక్కడో మనకు కావలసిన గెలాక్సీ చెయ్యి ఉంది. ఒక మూల నుంచి పరుచుకున్న ఈ మసకను (గ్రేడియంట్) తీసేసే సాఫ్ట్‌వేర్ వాడితే మసకతోపాటు నెబ్యులా అంచులనూ కోసేస్తుంది.

'ఫిల్టర్ పెట్టుకోవచ్చు కదా' అని తెలిసిన ఇంజినీర్లే అడుగుతున్నారు. మంచి ప్రశ్న. పాత సోడియం దీపాల పసుపు వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల (వెలుగు రంగును చెప్పే తరంగదైర్ఘ్యపు కొలత) చుట్టూనే ఉండేది. ఆ ముక్కను కోసేసే ఫిల్టర్ పెడితే తక్కిన రంగులు దక్కేవి. 2015లో దేశవ్యాప్తంగా వీధిదీపాలను ఎల్‌ఈడీలకు మార్చే కార్యక్రమం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. తెల్ల ఎల్‌ఈడీలో 450 నానోమీటర్ల దగ్గర నీలి శిఖరం, దాని పక్కన పచ్చ నుంచి ఎరుపు దాకా పరుచుకున్న గుట్ట ఉంటాయి. కోసేయడానికి విడిగా ముక్క ఏదీ లేదు. హైడ్రోజన్ 656.3 వద్ద, ఆక్సిజన్ 500.7 వద్ద సొంతంగా వెలిగే ఒరాయన్ లాంటి నెబ్యులాలను రెండు సన్నటి కిటికీల ఫిల్టర్‌తో పట్టుకోవచ్చు, పట్టుకుంటున్నాం కూడా. గెలాక్సీలకు అది చెల్లదు, వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది. పిల్లలకోడి అని మన పల్లెల్లో పిలిచే కృత్తికల చుట్టూ ఉన్న నీలి దుమ్ముమేఘానికి అసలే చెల్లదు. ఆ మేఘం రంగూ, మీ దీపం రంగూ ఒకటే.

నీలానికి ఇంకో గుణం ఉంది. గాలి అణువులు తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ వెలుగును నాలుగో ఘాతంలో ఎక్కువ చెదరగొడతాయి. లెక్క వేస్తే 450 వెలుగు 589 వెలుగు కన్నా దాదాపు మూడు రెట్లు చెదురుతుంది. పగలు ఆకాశం నీలంగా ఉండేది ఈ కారణంతోనే. అదే వాట్ల సోడియం దీపం తీసి 6500 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పెరుగుతుంది) ఎల్‌ఈడీ పెడితే ఊరి మీది మసక పెరగడానికీ ఇదే కారణం.

అసలు దెబ్బ వంపుది. మన స్తంభాలకు వేసే ఇనుప చేతులు పైకి వంగి ఉంటాయి, దీపం ఆ వంపులోనే బిగుస్తుంది. దీపాన్ని 20 డిగ్రీలు పైకెత్తి బిగిస్తే, నిట్టనిలువు నుంచి 70 డిగ్రీలు దాటి ముందుకు పోయే వెలుగంతా దిక్చక్రం మీదికి లేస్తుంది. అలా వాలుగా లేచే వెలుగు గాలి పొరలో చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టి పొరుగూళ్ల ఆకాశాన్ని కూడా పాడుచేస్తుంది. నేలకు సమాంతరంగా, గాజు పూర్తిగా కిందికి చూసేలా బిగిస్తే ఈ వాటా సున్నా. రోడ్డు నుంచి తిరిగి పైకి వచ్చేది ఎలాగూ ఉంటుంది. పాత తారు రోడ్డు కన్నా కొత్త సిమెంటు రోడ్డు వెలుగును చాలా ఎక్కువగా తిప్పికొడుతుంది. అంటే సీసీ రోడ్డు పడిన వీధికి దీపం వాట్లు తగ్గించాలి. మన దగ్గర రోడ్డు పడగానే పెద్ద దీపం వస్తోంది.

ఇది మా సరదా ఒక్కటే అయితే ఈ లేఖ రాసేవాళ్లం కాదు

టెలిస్కోపు ముఖం చూడని వాళ్లకు కూడా ఈ దీపాల వల్ల జరిగేవి ఇవి:

1. రోడ్డు మీద పోయేవాళ్లు. పైకెత్తిన దీపం రోడ్డుకన్నా ముందు కంట్లో పడుతుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఒక్క చూపు చాలు. శుక్లాలు మొదలైన పెద్దవాళ్ల కంట్లో ఈ తెల్ల వెలుగు చెదిరి, ఎదురుగా ఉన్న గేదె కూడా కనబడదు. బైపాస్ దిగి చీకటి పల్లెదారిలోకి మళ్లే బైకు నడిపేవాళ్లకు ఆ మలుపే ప్రమాదం. దొంగల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కంట్లో కొట్టే దీపం వెనక నిలబడ్డవాడు ఎవరికీ కనబడడు. కిందికి పడే వెలుగులో ముఖం కనబడుతుంది.

2. పంచాయతీ బిల్లు. 60 వాట్లు సరిపోయే చోట 90 వాట్ల దీపం వేస్తే, రాత్రికి 11 గంటల లెక్కన ఒక్క స్తంభానికి ఏడాదికి 120 యూనిట్లు వృథా. స్విచ్చు లేకుండా నేరుగా లైనుకు కలిపేసిన 20 వాట్ల దీపం పగలు 13 గంటలూ వెలిగితే ఏడాదికి 95 యూనిట్లు. మిట్టమధ్యాహ్నం వెలుగుతున్న వీధిదీపం చూడని ఊరు మన రెండు జిల్లాల్లో ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుని వస్తాం. ఈ డబ్బు ఇంటిపన్ను కట్టేవాళ్లదే.

3. నిద్ర. మేడ మీది పడకగది కిటికీకి ఎదురుగా దీపం ఉంటే పరదా వేసుకోవాలి, వేసవిలో పరదా వేస్తే గాలాడదు. ఏసీ లేని ఇంట్లో ఈ రెంటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. పసిపిల్లలు, రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు.

4. వరి. ఇది వ్యవసాయశాఖ వారు కూడా చదవాలి. రాత్రి నిడివిని బట్టి పూతకొచ్చే వరి రకాల్లో దీపం వెలుగు పడే దుబ్బులు ఆలస్యంగా ఈనుతాయి. చేను కోతకొచ్చినా ఆ మూల పచ్చగానే ఉంటుంది. పైగా పచ్చదోమ, సుడిదోమ, కాండం తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగులు దీపానికి వస్తాయని రైతుకు తెలుసు, దీపపు ఎరలు పెట్టేది అందుకే. ఎర అడుగున నీళ్ల పళ్లెం ఉంటుంది, పురుగు అందులో పడి చస్తుంది. రోడ్డు పక్క వీధిదీపం పురుగును పిలుస్తుంది, చంపదు, పక్కనున్న మడిలోకి వదిలేస్తుంది. నీలం, అతినీలలోహితం ఎక్కువున్న దీపానికి పురుగు ఎక్కువ వస్తుంది, పసుపు దీపానికి తక్కువ.

5. తీరం. మన బీచుల్లో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పాకుతుంది. చీకటి తీరంలో ఎక్కువ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. రొయ్యల హేచరీలో, రిసార్టులో ఫ్లడ్‌లైటు సముద్రం వైపు తిప్పి పెడితే పిల్లలు రోడ్డు వైపు పాకి కుక్కల నోట పడతాయి. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది.

6. పిల్లలు. శ్రీహరికోటలోని షార్ నుంచి రాకెట్ లేస్తుందంటే మిద్దెలెక్కే జనం మనం. హీలియం జాడ పట్టించిన 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూసింది పొరుగున ఉన్న గుంటూరులోనే. ఇలాంటి చోట పుట్టిన పిల్లలకు పాలపుంతను పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూపించాల్సి వస్తోంది.

రొట్టెల పండుగకో, తిరునాళ్లకో, పెళ్లికో నాలుగు రోజులు వేసే లైట్ల మీద మాకు పేచీ లేదు. ఫంక్షన్ హాళ్ల మీద నుంచి ఆకాశంలోకి తిప్పే బీమ్ లైట్ల మీద మాత్రం ఉంది, అవి ఎవరికి దారి చూపిస్తున్నాయో తెలియదు.

మా డిమాండ్లు

1. ఉన్న దీపాల తల దించండి. కొత్తవి కొననవసరం లేదు. దీపం వెనక పైపు క్లాంపుకు ఉండే బోల్టులు సాధారణంగా ఎం8, 13 నంబర్ పానా చాలు. బోల్టు వదులు చేసి, దీపం మీద చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టి, గాజు నేలకు సమాంతరమయ్యాక బిగించాలి. క్లాంపు తిరగని మోడల్ అయితే వంపు చేతిని తీసి నేరు చేయి వేయాలి, లేదా వంపు సరిచేసే అడాప్టర్ పెట్టాలి. తల దించాక రోడ్డు అవతలి అంచున వెలుగు తగ్గిందనిపిస్తే వాట్లు పెంచకండి, చేయి పొడవు పెంచండి.

2. కూడళ్లలో మినీ హైమాస్ట్ ఫ్లడ్‌లైట్లను కూడా ఇలాగే దించండి. బ్రాకెట్ ఉంది కదా అని 45 డిగ్రీలు పైకెత్తితే వెలుగు కూడలి దాటి ఇళ్ల మీదికీ, ఆకాశంలోకీ పోతుంది. దించడానికి వీలుకాని చోట పైన, పక్కల రేకు టోపీ వేయించండి.

3. ఇకమీదట టెండర్లలో 6500, 5700 కెల్విన్ రాయకండి. 3000 కెల్విన్ మించకూడదని రాయండి. తీరం నుంచి కిలోమీటరు లోపల, అడవి అంచున 2200 కెల్విన్ పసుపు దీపమే వేయండి. దీపం డబ్బా మీద కెల్విన్ అచ్చు వేసి ఉంటుంది, సరుకు దించుకునేటప్పుడే చూసి తిప్పి పంపవచ్చు.

4. వాట్లు అంచనాతో కాకుండా కొలిచి వేయండి. వీధిదీపాలకు మనకు ఐఎస్ 1944 ప్రమాణం ఉంది. రాకపోకలు తక్కువుండే వీధికి అది చెప్పే సగటు 4 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత). లక్స్ మీటరుతో రెండు స్తంభాల మధ్య పది చోట్ల కొలిచి సగటు తీస్తే ఎక్కడ ఎక్కువైందో తేలిపోతుంది. సీసీ రోడ్లున్న వీధులతో మొదలుపెట్టండి.

5. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా సగానికి తగ్గించండి. 90 వాట్ల దీపానికి దీంతో ఏడాదికి 98 యూనిట్లకు పైగా మిగులుతాయి. ఇందుకు డిమ్మింగ్ డ్రైవర్ ఉన్న దీపం కావాలి, కొత్త కొనుగోళ్లలో దాన్ని తప్పనిసరి చేయండి. పాత దీపాలకు స్తంభం విడిచి స్తంభం ఆర్పేద్దామని కొందరు అంటున్నారు, దాన్ని మేము సమర్థించం. వెలుగు, చీకటి మడతలు పడి నడిచేవాళ్లకు ఇబ్బంది.

6. పగలు వెలిగే దీపాలకు స్విచ్చో, టైమరో పెట్టండి. ఇందులో వాదించడానికేమీ లేదు.

7. లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు పై నియమాలు ప్లానులోనే చేర్చండి. ఇల్లు ఒక్కటీ కట్టని వెంచర్లలో రాత్రంతా వరసగా తెల్ల దీపాలు వెలుగుతున్నాయి, ప్లాట్లు అమ్ముకోవడానికి తప్ప వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. రొయ్యల గుంటల రైతు సోదరులకు ఇది వినతి మాత్రమే: కాపలా దీపాన్ని గట్టు మీదికి తిప్పండి, నీళ్ల మీదికి వాలుగా తిప్పకండి. వాలుగా పడిన వెలుగును నీళ్లు అద్దంలా చాలావరకు పైకి తిప్పికొడతాయి, గట్టు మీద నడిచే మనిషి మాత్రం కనబడడు.

8. నల్లమల అంచున ఒక్క చోటైనా చీకటి ప్రాంతంగా గుర్తించి కొత్త ఫ్లడ్‌లైట్లు రాకుండా చూడండి. లడఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశ రిజర్వుగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కు గుర్తింపు వచ్చింది. ఆ రెండు చోట్లా ఊళ్లున్నాయి, దీపాలూ ఉన్నాయి, వాటి తీరు మార్చారు.

వీటిలో 1, 2, 6 డిమాండ్లకు పెద్ద బడ్జెట్ కావాలనే సాకు చెల్లదు. చాలా చోట్ల నిచ్చెన, పానా, ఉన్న సిబ్బంది చాలు. తక్కినవాటిలో ఎక్కువ భాగం రాబోయే టెండర్లలోనో అనుమతుల్లోనో ఒక్కో వాక్యం చేర్చడమే.

అన్నీ ఒక్కసారి నమ్మి చేయమనడం లేదు. మీకు నచ్చిన ఒక్క వీధి ఎంచుకోండి. తల దించకముందు, దించిన తర్వాత రోడ్డు మీద లక్స్, ఆకాశంలో స్కై క్వాలిటీ అంకె, రెండూ మీ సిబ్బంది ఎదుటే చంద్రుడు లేని రాత్రి కొలిచి కాగితం ఇస్తాం. మీటర్లు, స్పిరిట్ లెవెల్ మావి. నిచ్చెన, లైను ఆపే అనుమతి మీవి, స్తంభం మేము ఎక్కకూడదు. ఆ వీధివాళ్లకు చీకటైపోయిందనిపిస్తే పాత వంపుకే తిప్పేయండి, మళ్లీ అర్జీ పెట్టం.

వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడే జనవరి అమావాస్యలోగా ఆ ఒక్క వీధి పని జరగాలని కోరుతున్నాం. ఏ తేదీన, ఏ వీధిలో, ఎవరు వస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఈసారి 'పరిష్కరించబడింది' అనే మెసేజ్ దీపం తల దించిన తర్వాతే పంపండి.

ఇట్లు,
మిద్దెల మీద నుంచి ఆకాశాన్ని ఫొటో తీసేవాళ్లం,
నెల్లూరు, ప్రకాశం జిల్లాలు.